ఉద్యోగం మానకుండా వయొలిన్ తయారీ, మరమ్మతు నేర్చుకోవడం సాధ్యమేనా?

ఫిడేలు విద్యార్థి (లెస్టర్, ఇంగ్లండు):
నమస్కారం. నేను పదిహేనేళ్లుగా కర్ణాటక పద్ధతిలో వయొలిన్ వాయిస్తున్నాను. గత చలికాలంలో ఇంట్లో హీటరు వేడికి గాలి పొడిబారి, నా వాయిద్యం పైపలకకు, పక్కపలకకు మధ్యనున్న అతుకు ఒకచోట విడిపోయింది. బాగుచేసే ఆయన పాత జిగురును గోరువెచ్చని నీటితో తడిపి తుడిచి, కొత్త జిగురు పూసి, బిగింపులు పెట్టడం దగ్గరుండి చూశాను. అప్పటి నుంచి ఈ పని నేర్చుకోవాలన్న కోరిక నన్ను వదలడం లేదు. ఇంగ్లండులోనే న్యూఆర్క్‌లో 1972లో మొదలైన వయొలిన్ తయారీ పాఠశాల ఉంది కానీ, అక్కడి చదువు మూడేళ్లపాటు పూర్తికాలం సాగుతుంది. ఇద్దరు పిల్లలున్న నాకు అది కుదరదు. వారానికి ఒక పూట తరగతికి వెళ్తే ఏమైనా పట్టుబడుతుందా? ముందు మరమ్మతు నేర్చుకోవాలా, తయారీయా? నేను ఇంతవరకు ఉలి పట్టి ఎరుగను.

శనివారం బల్ల:
నేను నాలుగేళ్లుగా అలాంటి తరగతికే వెళ్తున్నాను కాబట్టి లెక్క ఉన్నదున్నట్టు చెబుతాను. చేయి తిరిగినవారికే ఒక వయొలిన్‌కు సుమారు 200 గంటలు పడుతుందంటారు. వారానికి మూడు గంటల చొప్పున ఏడాదిలో 30 తరగతులు జరిగితే మీకు దొరికేవి 90 గంటలు. కొత్తవారి చేయి నిదానం గనుక నా మొదటి వాయిద్యానికి మూడేళ్లు దాటింది. అందులో తొలి రెండు నెలలు చెక్క ముట్టుకున్నది తక్కువ, సానరాయి మీద ఉలి నూరినది ఎక్కువ. అప్పట్లో విసుక్కున్నాను, ఇప్పుడు ఎవరైనా అడిగితే ఇంట్లో కూర్చుని ముందుగా చేయవలసిన పని అదొక్కటే అంటాను.

తరువాత వచ్చే పనుల్లో మనిషిని నిలబెట్టేసేది మందాల పని. స్ప్రూస్ చెక్క పైపలకను సుమారు మూడు మిల్లీమీటర్ల వరకు, మేపుల్ చెక్క వెనుకపలకను నడుమ నాలుగున్నర దగ్గర ఉంచి అంచుల వైపు పలచబడేలా తొలచాలి. పక్కపలకలు ఒక మిల్లీమీటరే ఉంటాయి. వాటిని తడిపి, వేడి ఇనుము మీద వంచేటప్పుడు తొందరపడితే ఫట్టున విరుగుతాయి. నేను మూడు విరిచాను. మీకు నా సలహా తయారీతోనే మొదలుపెట్టమని. పలకలన్నీ కలిసి అయ్యే బోలు పెట్టె లోపల ఏముందో చేతికి తెలియకుండా ఇతరుల వాయిద్యం విప్పకూడదు.

అతుకుల పని:
పై సలహాతో నాకు సగమే అంగీకారం. నేను మరమ్మతుల దుకాణంలో పనిచేస్తున్నాను. మా దగ్గరకు వచ్చేవాటిలో ఎక్కువ భాగం పెట్టె విప్పనవసరం లేనివే. తీగలు బిగించే బిరడాలు జారడం, బిగుసుకుపోవడం, తీగలను మోసే బ్రిడ్జి వంగడం, సౌండ్ పోస్టు పడిపోవడం, ఇవే రోజూ చూస్తాం. వాటిని వారానికి ఒక పూటతో ఏడాదిలో బాగానే నేర్చుకోవచ్చు. సౌండ్ పోస్టు అంటే ఆరు మిల్లీమీటర్ల స్ప్రూస్ పుల్ల. దానికి జిగురు ఉండదు, పై, కింది పలకల మధ్య ఒరుసుకుని నిలుస్తుంది. అన్నిటికన్నా సన్నని తీగ వైపున బ్రిడ్జి పాదానికి కొంచెం వెనుకగా దాన్ని పైపలకలోని ఎఫ్ ఆకారపు రంధ్రంలోంచి వంకర ఇనుముతో నిలబెట్టాలి. అర మిల్లీమీటరు జరిగినా నాదం మారుతుంది. ఇటలీవారు దాన్ని ఆత్మ అంటారు. మన తంబూరాకు ఒక నూలుపోగును జీవా అన్నట్టే.

జిగురు విషయంలో మాత్రం పట్టుదలగా ఉండండి. జంతువుల తోలుతో కాచే జిగురే ఎందుకంటే, అది వేడికి, తేమకు వదులుతుంది. వాతావరణం మారి చెక్క ముడుచుకున్నప్పుడు మీ వాయిద్యంలో జరిగినట్టు అతుకు విడిపోతుంది గానీ పలక చీలదు. అతుకు విడిపోవడం ఆ వాయిద్యం లోపం కాదు, దాని రక్షణ. ఫెవికాల్ పూసి ఆ దారి మూసేస్తే తరువాతి చలికాలంలో చీలేది పలకే.

బొబ్బిలి దగ్గరివాణ్ణి:
మా వైపు గొల్లపల్లిలో వీణలు చేసేవారిని చిన్నప్పటి నుంచి చూశాను కాబట్టి వయొలిన్ తరగతిలో చేరినప్పుడు కొంత తెలుసనుకున్నాను. అది పనస దుంగను తొలిచే పని. ఇది పలుచటి పలకలను అతికే పని. ఉలి పట్టు ఉపయోగపడింది, బలం అడ్డొచ్చింది. మీరు ఉలి పట్టి ఎరుగరంటే అదేమీ నష్టం కాదు.

ఫిడేలు విద్యార్థి:
అందరికీ ధన్యవాదాలు. ఒక్క సందేహం మిగిలింది. విజయనగరంలో మా తాతగారు వాయించిన ఫిడేలు నా దగ్గరే ఉంది. కూర్చుని వాయించేటప్పుడు పాదం మీద ఆనీ ఆనీ దాని మెడ చివరనున్న తలచుట్టు అరిగింది. వెనుకపలకను ఎవరో ఏదో తెల్లటి జిగురుతో అతికించారు. తరగతిలో మొదట దాన్నే విప్పి చూడవచ్చా?

అతుకుల పని:
వద్దు. తెల్లటి జిగురు వదిలించడం మాకే పరీక్ష. ఫ్యాక్టరీలో చేసిన చౌక వయొలిన్ ఒకటి కొని, దాని పైపలకను మూడుసార్లు విప్పి మూడుసార్లు అతికించండి. తాతగారి దాన్ని అప్పటిదాకా తీగలు కొంచెం వదులు చేసి, హీటరుకు దూరంగా పెట్టెలో ఉంచండి. తీగలు పూర్తిగా తీసేస్తే సౌండ్ పోస్టు పడిపోవచ్చు.