అయినవాళ్ల పేరు లేకుండా ఆడవాళ్లు ప్రభుత్వాన్ని నడిపే స్థానానికి రాలేరా?

కందుకూరు రైతు:
మా ఊరి సర్పంచి ఆడమనిషి. గ్రామసభలో మాట్లాడేది మాత్రం ఆమె భర్తే. మొన్న మంచినీళ్ల మోటారు చెడిపోయిందని వాళ్లింటికి పోతే, అరుగు మీద కూర్చుని జవాబు చెప్పింది ఆయనే. దేశాలేలిన ఆడవాళ్ల సంగతీ ఇంతేనని నా అభిప్రాయం. 1960లో ప్రపంచంలోనే మొదటి మహిళా ప్రధాని అయిన శ్రీలంక సిరిమావో బండారనాయకే, ప్రధానిగా ఉన్న భర్త హత్య జరిగాకే రాజకీయాల్లోకి వచ్చింది. ఇందిర నెహ్రూ కూతురు. పాకిస్తాన్‌లో బేనజీర్, జుల్ఫికర్ అలీ భుట్టో కూతురు. బంగ్లాదేశ్‌లో హసీనా, ముజీబ్ కూతురు. వీళ్లను చూపించి ఆడవాళ్లు ఎదిగారంటే నేను ఒప్పుకోను.

కావలి టీచర్:
అన్నా, మీరు చెప్పిన పేర్లన్నీ నిజమే. కానీ పదవి ఎలా వచ్చిందన్న దగ్గరే ఆగిపోయారు. సిరిమావో 1965లో ఓడిపోయారు. 1970లో మళ్లీ గెలిచారు. అప్పటికి భర్త పోయి పదేళ్లు దాటింది, అన్నేళ్ల తర్వాత సానుభూతికి ఓట్లు పడతాయా? 1972లో భూపరిమితి చట్టం తెచ్చి, వరిపొలం 25 ఎకరాలకు మించకూడదన్నారు. 1971లో యువకుల తిరుగుబాటును అణిచినప్పుడు వేలమంది చనిపోయారు, ఆ పాపమూ ఆమె ప్రభుత్వానిదే. మంచైనా చెడైనా ఆ నిర్ణయాలు ఆమెవి. మీ ఊరి అరుగు మీద కూర్చున్నాయన లాంటివాడు ఆమె వెనక లేడు.

ఇక థాచర్ కిరాణా కొట్టు నడిపినాయన కూతురు. 11 ఏళ్లు బ్రిటన్ ప్రధాని. తూర్పు జర్మనీలో పెరిగిన పాస్టరు గారమ్మాయి మెర్కెల్ 16 ఏళ్లు జర్మనీ ప్రభుత్వాన్ని నడిపిన ఛాన్సలర్. అంత దూరం ఎందుకు, మాయావతి తండ్రి తపాలా శాఖలో ఉద్యోగి. ఆమె 1995లో ఉత్తరప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యారు.

కందుకూరు రైతు:
మాయావతిని బీఎస్పీ పెట్టిన కాన్షీరాం తీసుకొచ్చాడు గదమ్మా.

కావలి టీచర్:
మగ నాయకులను మాత్రం ఎవరూ తీసుకురాలేదా అన్నా? వాళ్ల విషయంలో దాన్ని గురువు దొరకడం అంటాం. ఆడమనిషి దగ్గరికొచ్చేసరికి అది లోటవుతోంది.

ఒంగోలు నుంచి ఒక పాఠకుడు:
నేను రైతుగారి మాటను కొంత ఒప్పుకుంటాను. మన దక్షిణాసియాలో ఎక్కువమందికి ఇంటి పేరే దారి చూపింది. అయితే ఆ తప్పు ఆ దారిన వచ్చినవాళ్లది కాదు, ఇంకో దారి తెరవని పార్టీలది. మన ప్రకాశం, పాత నెల్లూరు జిల్లాలే చూడండి. టంగుటూరి ప్రకాశం, బెజవాడ గోపాలరెడ్డి, నేదురుమల్లి జనార్దనరెడ్డి, ముగ్గురు ముఖ్యమంత్రులను ఇచ్చాయి. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పటి నుంచి ఒక్క మహిళ కూడా ఆ కుర్చీలో కూర్చోలేదు.

మనకు నాయకురాళ్లు లేకనా? నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడిలో అక్షరాలు దిద్దిన ఆడవాళ్లే సారా కొట్టు మూయించారు. వాళ్లను ముందుండి నడిపిన రోశమ్మకు ఏ వారసత్వమూ లేదు. ఆ ఊళ్లో పుట్టిన పట్టుదల జిల్లా అంతా పాకింది. 1992లో నెల్లూరులో సారా వేలంపాట మళ్లీ మళ్లీ వాయిదా పడింది. 1993 అక్టోబర్ 1న రాష్ట్రమంతటా సారా నిషేధించారు. ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం హామీ ఇచ్చి 1994లో గెలిచారు. ప్రభుత్వాలనే కదిలించిన మనిషి రోశమ్మ. ఆమెను అసెంబ్లీకి పంపాలని ఏ పార్టీ పట్టుబట్టింది? ఈ మాట తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కందుకూరు రైతు:
రోశమ్మ సంగతి నేను మరిచిపోయాను. మా అమ్మ కూడా ఆ రోజుల్లో సారా ప్యాకెట్ల బండికి అడ్డం పడుకుంది. అయినా మా ఊళ్లో జరిగేది మాత్రం జరుగుతూనే ఉంది గదా?

కావలి టీచర్:
ఒక్కటి అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. మోటారు సంగతి మీ సర్పంచమ్మనే నేరుగా అడిగారా?

కందుకూరు రైతు:
లేదమ్మా. ఆయన కనపడగానే ఆయన్నే అడిగాను. ఆమెను పిలవమనాలని నాకు తోచలేదు. మోటారు ఇంకా బాగుపడలేదు, రేపు మళ్లీ పోతాను. ఈసారి ఆమెనే అడుగుతాను.