సిన్సినాటి జూలో సుమత్రా ఖడ్గమృగాల వీడియోలు ఎవరి దగ్గరైనా ఉన్నాయా?

2015కు ముందు ఒహాయోలోని సిన్సినాటి జూ చూసిన తెలుగువారు ఎవరైనా ఉంటే దయచేసి సాయం చేయండి. ఒంటినిండా వెంట్రుకలు, రెండు కొమ్ములు ఉండే సుమత్రా ఖడ్గమృగాల గురించి పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. 2001లో అక్కడ ఎమి, ఇపు జంటకు అందాలస్ పుట్టింది. 1889లో కలకత్తా జూలో పుట్టిన పిల్ల తర్వాత, 112 ఏళ్లకు జూలోనే కడుపున పడి, అక్కడే కళ్లు తెరిచిన పిల్ల అదే! అంతకుముందు ఎండుగడ్డి ఒంటికి సరిపడక చావుబతుకుల్లో ఉన్న ఇపును మర్రిజాతి చెట్ల ఆకులు బతికించాయి. ఈ సంగతి చదివినప్పటి నుంచి నా మనసు దాని చుట్టూనే తిరుగుతోంది. అక్కడ చివరగా మిగిలిన ఖడ్గమృగం హరపన్‌ను 2015లో ఇండోనేషియాకు పంపేశారు.

ఇవి పాడినట్టుగా కూస్తాయి. ఆ కూత వినిపించే వీడియో మీ దగ్గర ఉందా? బొమ్మ మసకగా ఉన్నా పర్వాలేదు, గొంతు వినిపిస్తే చాలు.