అంబాసిడర్ పిస్టన్ రింగ్ గ్యాప్: ఫైల్ చేయాలా, డబ్బాలో రింగులు అలాగే వేయాలా?

మార్క్2_మల్కాజిగిరి: నాన్న నడిపిన మార్క్ 2 అంబాసిడర్, 1489 సీసీ పెట్రోల్ ఇంజిన్. 20 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) రీబోర్ అయింది, అంటే బోర్ (సిలిండర్ లోపలి వ్యాసం) పెంచాక 2.895 అంగుళాలు. బోర్ అంగుళానికి 4 థౌ లెక్కన టాప్ రింగ్ గ్యాప్, అంటే పై రింగ్ రెండు కొసల మధ్య సందు, సుమారు 12 థౌ ఉండాలి. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకులు) పెడితే 12, 11, 12 వచ్చాయి, నాలుగో సిలిండర్‌లో మాత్రం 7. ఆ రింగ్ కొసను ఆకురాయితో ఫైల్ చేస్తానంటే ఉస్తాద్‌కి కోపం వచ్చింది. ఏం చేయమంటారు?

లేత్‌పని_సికింద్రాబాద్: డబ్బాలోవి కంపెనీ కొలతతోనే వస్తాయి తమ్ముడూ. 30 ఏళ్లుగా రాణిగంజ్‌లో స్పేర్లు కొని అలాగే వేస్తున్నా. గ్యాప్ తక్కువుంటే కంప్రెషన్ ఇంకా బాగుంటుంది.

ఎర్ర_పద్మిని: బాగుండదన్నా. వేడికి రింగ్ సాగుతుంది. రెండు కొసలూ తగులుకున్నాక ఇంకా సాగాలంటే చోటేది? బోర్ గీసుకుపోతుంది, పిస్టన్ ల్యాండ్ (రింగ్ గాడుల మధ్య గట్టు) విరుగుతుంది. రెండు థౌ ఎక్కువైతే కాస్త బ్లోబై వస్తుంది (గ్యాస్ రింగ్ దాటి కిందికి జారుతుంది), అంతే.

లేత్‌పని_సికింద్రాబాద్: ముందు ఎలా కొలిచాడో చెప్పమను. రింగ్ వంకరగా ఉంటే కొలతే తప్పు.

మార్క్2_మల్కాజిగిరి: పిస్టన్ తిరగేసి దానితోనే అంగుళం లోపలికి తోశాను సర్. రింగ్ సమంగానే కూర్చుంది.

బోయిన్‌పల్లి_బుల్లెట్: ఫైల్ చేస్తే ఒక కొసనే చేయండి. బయటి నుంచి లోపలికి గీయాలి.

ఎర్ర_పద్మిని: ఆగండి. బోర్ 1 థౌ మారితే చుట్టుకొలత 3 థౌ మారుతుంది. అక్కడ బోరే బిగుతుగా ఉందేమో?

లేత్‌పని_సికింద్రాబాద్: అంటే బోర్ చేసినవాడికి పని రాదంటావా? గేజ్ కొన్న ప్రతివాడూ ఇంజనీరే!

ఎర్ర_పద్మిని: నా పద్మిని కారు సంగతి వినండి. రీబోర్ అక్కర్లేదని ఒక షెడ్‌లో అరిగిన బోర్‌లోనే కొత్త రింగులు వేశారు. పైన 3 థౌ అరుగుదల. గ్యాప్ 12 పెట్టింది ఆ పైభాగంలోనే, కింద మూడైనా మిగలలేదు. చేవెళ్ల దాటకముందే ఇంజిన్ పట్టేసింది. కొలత చూస్తానని ముందే అడిగాను. బయట కుర్చీలో కూర్చోమన్నారు.

లేత్‌పని_సికింద్రాబాద్: కస్టమర్ పక్కన నిలబడి ప్రతిదీ కొలుస్తుంటే చెయ్యి ఆడదు. నమ్మకం లేనివాడు మా దగ్గరికి రావడమెందుకు?

ఎర్ర_పద్మిని: నమ్మాను కాబట్టే వచ్చాను. డబ్బు నాది, బండి నాది. కొలత చూడటం అవమానమెలా అవుతుంది?

మార్క్2_మల్కాజిగిరి: పెద్దవాళ్లు గొడవపడకండి. ఇప్పుడే రింగులు మార్చి చూశాను. ఒకటో సిలిండర్ రింగ్ నాలుగులో పెడితే 7. నాలుగోది ఒకటిలో పెడితే 12.

లేత్‌పని_సికింద్రాబాద్: అయితే రింగ్ మంచిదే, బోర్ బిగుతు. ఫైల్ ముట్టుకోకు. గ్యాప్ సరిపోయినట్టు కనిపిస్తుంది, పిస్టన్‌కి మాత్రం క్లియరెన్స్ ఉండదు. బ్లాక్ పట్టుకురా, బోర్ గేజ్‌తో పైనా మధ్యా కిందా కొలిచి చూపిస్తా. పక్కనే నిలబడు.