‘గప్పగా’ తర్వాత భ్రమా, శ్రమా?

గోదారిగట్టు: శేషప్ప నరసింహ శతకంలో, చివరి ఘడియలో దేవుణ్ణి పిలవగలనో లేనో అని దిగులుపడే పద్యం ఒకటి నిన్నటి నుంచి నోట్లో నలుగుతోంది. ‘కఫ వాత పైత్యముల్ గప్పగా’ తర్వాత, ‘గంప ముద్భవమంది కష్టపడుచు’కి ముందు, భ్రమచేతనా, శ్రమచేతనా? మొన్న నాన్నకి మూత్రంలో ఇన్ఫెక్షన్ రక్తానికి పాకి ఐసీయూలో పెట్టాం. ముందు రాత్రి గ్లాసు పళ్లకి టకటకా కొట్టుకునేంత వణుకు. నన్ను బాబాయి పేరుతో పిలిచారు. అప్పుడు గుర్తొచ్చింది ఈ పాదం. ఇప్పుడు తేరుకున్నారు లెండి.

సీసప్రియ: భ్రమే. శ్రమచేత కింది పాదంలో ‘బిలువలేనో’ ముందుంది. నోటి పాఠంలో పైకి ఎగబాకింది.

యతిభంగం: అంత తేలిగ్గా తేల్చేస్తే ఎలా? యతి, అంటే పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన అక్షరం, గప్పగా మీద పడింది. భ్రమచేత నాలుగో గణం, శ్రమ పెట్టినా అదే సలగణం, గురులఘువుల వరస మారదు. ఛందస్సు సాక్ష్యం చెప్పదు. మా తాతగారు రెండుచోట్లా శ్రమే చదివేవారు.

సీసప్రియ: తాతగారి మీద గౌరవంతోనే అంటున్నా, వరసగా రెండు పాదాల్లో ఒకే మాట వాడేంత మాటల కరువు శేషప్పకి లేదు.

రాత్రిడ్యూటీ: నర్సుగా నా ఓటు భ్రమకే. వరస చూడండి: భ్రమ, కంపం, ఆపైన నాలుక తిరగకపోవడం. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ఒళ్లంతా దెబ్బతినడం) అనుమానం వస్తే మేం చూసేదీ ఇంచుమించు ఇదే. మనిషి తికమకపడటం, ఊపిరి నిమిషానికి 22కి చేరడం, పై బీపీ 100కి దిగడం. జ్వరం ఉండి తీరాలనేం లేదు, పెద్దవాళ్లకి ఒళ్లు చల్లబడొచ్చు కూడా. గోదారి గారూ, నాన్నగారికి ఒంటేలు తగ్గిందా?

గోదారిగట్టు: రోజంతా ఒక్కసారే. నీళ్లు తాగలేదు కదా అనుకున్నాం.

యతిభంగం: వైద్యంలోకి దిగారు కాబట్టి, ఆయుర్వేదంలో భ్రమ అంటే తల తిరగడం. మతి తప్పి మాట్లాడితే ప్రలాపం.

రాత్రిడ్యూటీ: బీపీ పడితే తలా తిరుగుతుంది, మతీ తప్పుతుంది. మంచం పక్కన నిలబడి ఆ రెండూ విడదీయండి చూద్దాం.

సంధివిగ్రహం: అసలు మాట ఎవరూ ఎత్తలేదు. మూడు దోషాలూ కలిసి కమ్మితే సన్నిపాతం. జ్వరంలో మతి తప్పితే మనం అనే ‘సంధి కొట్టింది’ అందులోంచే వచ్చిందని నా వాదన. కన్నడంలో సన్ని, తమిళంలో జన్ని. మనమే ధకారం తగిలించాం. సింహళంలో రోగాలు తెచ్చే 18 దయ్యాల ఆట పేరూ సన్ని యకుమే.

సీసప్రియ: దానికి వేరే చర్చ పెట్టుకోండి. చివర్లో నోరు పెగలదేమోనని భజనకి ముందే అడ్వాన్సు కట్టేశాడు చూడండి మా ధర్మపురి కవి. ‘నాటి కిప్పుడె చేతు నీ నామభజన’! అదీ దెబ్బ.

గోదారిగట్టు: ఇప్పుడే నాన్ననే అడిగా. రెండుసార్లు చదివారు. ఒకసారి భ్రమ, ఒకసారి శ్రమ.