తాతగారి సీసం నాణేలు: వేలంలో పెట్టాలా, మ్యూజియంకి ఇవ్వాలా?

పెదవాల్తేరు_67: తాతగారి భోషాణం అడుగున గుడ్డమూటలో 40 దాకా సీసం నాణేలు దొరికాయి. ఒకదాని మీద రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బాగా కనిపిస్తోంది. కురుపాం మార్కెట్లో తెలిసినాయనకి చూపిస్తే సాతవాహనులవి, వేలంలో పెట్టేయండి అన్నారు. మా బావమరిదేమో పోలీసులొస్తారని భయపెడుతున్నాడు. రెండింటిని చింతపండుతో తోమాను, మిగతావి అలాగే ఉన్నాయి. ఏం చెయ్యమంటారు?

నాణెం_పిచ్చి: ముందు ఆ చింతపండు ఆపండి! పులుపు తగిలితే సీసం పైపొర తినేస్తుంది, అక్షరాలు పోతాయి. భోషాణంలో కూడా వద్దు, చెక్క నుంచి వచ్చే ఆవిరికే సీసం తెల్లగా పొడి రాలుతుంది, ఆ పొడి విషం, ముట్టుకున్నాక చేతులు కడుక్కోండి. ఇక వేలం అంటారా, మన దేశంలో జరిగేదాంట్లోనే పెట్టండి. వందేళ్ళు దాటిన నాణేలను మనం బయటి దేశానికి పంపడం 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నేరం. ఇంతకి తగ్గితే అమ్మననే ధర ముందే రాయించుకోండి, కమిషన్ ఎంతో కాగితం మీద తీసుకోండి. ఓడ బొమ్మ కోసం పోటీ పడేవాళ్ళున్నారు, నేనూ ఒకణ్ణి.

తొట్లకొండ_బాట: కొనేవాళ్ళే సలహా ఇస్తే ఎలాగండీ? మన విశాఖ దగ్గర తొట్లకొండ తవ్వకాల్లో సాతవాహన నాణేలతో పాటు రోమన్ వెండి నాణేలు కూడా దొరికాయి. బౌద్ధ ఆరామంలో అవన్నీ ఒకేచోట దొరికాయి కాబట్టే మన తీరానికి ఆ కాలంలో సముద్ర వ్యాపారంతో సంబంధం ఉందని చెప్పగలుగుతున్నాం. అవే వేలం కేటలాగులో వచ్చి ఉంటే సాతవాహన, సీసం, ఇన్ని గ్రాములు అని ఒక లైను రాసేవారు, అంతే. మీ మూటని విడగొట్టి నలభై మందికి అమ్మేస్తే మళ్ళీ ఆ మూట రాదు. పురావస్తు శాఖ వాళ్ళకి చూపించి మ్యూజియంకి ఇవ్వండి.

సింధియా_కుర్రోడు: నా దగ్గర 1818 ఈస్టిండియా కంపెనీ అర్ధణా ఉంది, రాముడి పట్టాభిషేకం బొమ్మతో. లక్షలొస్తాయంటున్నారు, నిజమేనా?

నాణెం_పిచ్చి: కాదు తమ్ముడూ. కంపెనీ అర్ధణాల మీద రాముడి బొమ్మ లేదు, అవి తర్వాత ఎవరో చేసి అమ్మిన బిళ్ళలు. ఫోన్ చేసి ముందు ఫీజు కట్టమంటే కట్టకు. పాత నాణేల పేరుతో జరిగే మోసాల గురించి 2021లో రిజర్వు బ్యాంకే హెచ్చరించింది.

తొట్లకొండ_బాట: అసలు ప్రశ్న పక్కకి పోయింది. ఇవి భూమిలో దొరికినవా, కాదా? భూమిలోవైతే 1878 నిధుల చట్టం ఉంది, విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి చెప్పాలి.

నాణెం_పిచ్చి: పది రూపాయలా! 1878లో పది రూపాయలంటే ఎంత, ఇప్పుడెంత? పైగా ఈయనకి దొరికింది పెట్టెలో.

తొట్లకొండ_బాట: పెట్టెలోకి ఎక్కడి నుంచి వచ్చాయి? 1,800 ఏళ్ళ నాటి సీసం ఎక్కడో మట్టిలోంచే పైకొచ్చి ఉంటుంది.

నాణెం_పిచ్చి: పది రూపాయల సంగతి చెప్పండి ముందు. ఆ అంకె పట్టుకుని మనుషుల్ని భయపెట్టడం న్యాయమా?

మధురవాడ_మేస్త్రి: ఆ పది రూపాయల గొడవ ఆపండి సార్. మా నాన్న పునాది తవ్వుతుంటే గునపానికి కుండ తగిలింది. లోపల చిన్న చిన్న వెండి బిళ్ళలు. నిజాయితీగా ఆఫీసుకి పట్టుకెళ్ళి ఇచ్చాడు, రసీదు ఇవ్వలేదు. మూడు రోజులు కూలి పోగొట్టుకుని తిరిగాడు, ఇంకా దాచావా అని ఇల్లంతా వెతికారు. ఆ బిళ్ళలేమయ్యాయో ఇప్పటికీ తెలీదు. ఆ తర్వాత మా వీధిలో ఎవరికేం దొరికినా కరిగించారు తప్ప చెప్పలేదు.

తొట్లకొండ_బాట: మీ నాన్నగారికి జరిగింది అన్యాయమే. కానీ ఒక ఆఫీసు తప్పు చేసిందని చరిత్రని అమ్మేసుకుందామా?

నాణెం_పిచ్చి: అందుకే చెప్తున్నాను, మాలాంటి వాళ్ళం కొనకపోతే అన్నీ కొలిమిలోకే.

మధురవాడ_మేస్త్రి: మీరు కొంటే మా నాన్నకి ఏమొచ్చేది సార్? పాతసామాన్లవాడు తూకం వేసి తీసుకుంటాడు, మీరు వేలంలో వేలకి వేలు పెడతారు. ఆ 1878 చట్టం నేనూ చదివించుకున్నాను. సొంతదారు తేలకపోతే దొరికినవాడికి ముప్పావు వంతు, స్థలం వాళ్ళకి పావు. సర్కారు తీసుకుంటే లోహం ఖరీదు, దాని మీద ఐదో వంతు. సీసం ఖరీదు ఎంతండీ? దాని మీదున్న ఓడకి ఒక్క పైసా లేదు. మీకు ఓడ కావాలి, ఆయనకి చరిత్ర కావాలి, తవ్విన చెయ్యి ఎవరిదో ఇద్దరూ అడగలేదు.

తొట్లకొండ_బాట: అడగలేదు, నిజమే. లోహం ఖరీదు కట్టడం తప్పే. ఇంగ్లండులో 1996 చట్టం ప్రకారం మ్యూజియం తీసుకుంటే మార్కెట్ ధర దాకా బహుమానం ఇస్తారు, దొరికినవాళ్ళూ స్థలం వాళ్ళూ పంచుకుంటారు. ఇక్కడా అది రావాలి. కానీ రాత్రిళ్ళు కొండలు తవ్వేది కొనేవాళ్ళున్నారనే, ఆ మాట మాత్రం వెనక్కి తీసుకోను.

నాణెం_పిచ్చి: ఇరవై ఏళ్ళుగా ప్రతి నాణేనికీ బిల్లు ఉంచినవాణ్ణి, నన్ను దొంగతో కలపకండి.

మధురవాడ_మేస్త్రి: బిల్లు మీద మా నాన్న పేరుంటుందా?

పెదవాల్తేరు_67: మీ మాటలు చదివి మా పెద్దత్తకి ఫోన్ చేశాను. ఆవిడ చిన్నప్పుడు, 1960ల్లో, భీమిలి వైపు చెరువు పూడిక తీస్తుంటే కూలీలు ఈ మూట తెచ్చి ఇచ్చారట. తాతగారు రెండు కుంచాల ధాన్యం కొలిచి ఇచ్చారట. వేలం ఫారం పక్కన పెట్టేశాను. సోమవారం కలెక్టరాఫీసుకి వెళ్తాను, ఫొటోలు తీసి, రసీదు ఇస్తేనే చేతికిస్తాను. ఆ చెరువేదో అత్తకి గుర్తుంది, కూలీల్లో ఒకాయన మనవడు ఇంకా ఆ ఊళ్ళోనే ఉంటున్నాడట. ముందు ఆదివారం అత్తని తీసుకుని అక్కడికి వెళ్తున్నాను.

మధురవాడ_మేస్త్రి: నేనూ వస్తాను సార్. ఎన్ని గంటలకి?