ఎక్స్‌కవేటర్‌లో 3509-4, 100-4, 102-4 ఎర్రర్ కోడ్లు ఒకేసారి పడుతున్నాయి. సెన్సర్లు మార్చాలా?

గ్రానైట్ సైటు:
20 టన్నుల ఎక్స్‌కవేటర్, 24 వోల్టులు, కామన్ రైల్ ఇంజను. వాటర్ సర్వీసింగ్ అయ్యాక మానిటర్ మీద మూడు కోడ్లు పడ్డాయి: ఎస్‌పీఎన్ 3509 ఎఫ్‌ఎంఐ 4, 100-4, 102-4. రేస్ పూర్తిగా ఎక్కట్లేదు, బకెట్ నింపి ఎత్తితే ఇంజను దిగిపోతోంది. క్లియర్ చేసినా కీ ఆన్ చేయగానే మళ్లీ వస్తున్నాయి. స్పేర్స్ షాపులో ఆయిల్ ప్రెషర్, బూస్ట్ సెన్సర్లు రెండూ మార్చేయమంటున్నారు.

24 వోల్టులు:
డబ్బులు పెట్టకముందు కోడ్ చదవండన్నా. ఎస్‌పీఎన్ ఏ సర్క్యూటో చెబుతుంది, ఎఫ్‌ఎంఐ దానికేమైందో చెబుతుంది. 100 ఆయిల్ ప్రెషర్, 102 బూస్ట్ ప్రెషర్, అంటే టర్బో ఇంజనులోకి తోసే గాలి ప్రెషర్. 3509 అసలు సెన్సరే కాదు, ఈసీఎం (ఇంజను కంప్యూటర్) సెన్సర్లకిచ్చే 5 వోల్టుల సప్లై. చివర్లో 4 ఉందంటే వోల్టేజి ఉండాల్సిన దానికంటే కింద ఉంది. సప్లై పడిపోతే దాని మీద బతికే సెన్సర్లన్నీ తక్కువే చూపిస్తాయి. కాబట్టి మీ బండిలో జబ్బు ఒక్కటే, మిగతా రెండూ దాని లక్షణాలు.

కీ ఆఫ్ చేసి ఆయిల్ ప్రెషర్ సెన్సర్ కప్లర్ (వైర్ల ప్లగ్గు) తీయండి. కీ ఆన్ చేయండి, ఇంజను స్టార్ట్ చేయొద్దు. లూమ్ (వైర్ల కట్ట) వైపు కప్లర్‌లో సప్లై పిన్‌కీ సెన్సర్ ఎర్త్ పిన్‌కీ మధ్య మీటర్ పెడితే 4.75 నుంచి 5.25 లోపు రావాలి. నల్ల ప్రోబ్‌ని ఛాసిస్‌కి పెట్టకండి, అలా పెడితే సెన్సర్ ఎర్త్ తెగిపోయినా 5 వోల్టులు కనిపించి మోసం చేస్తుంది. వోల్టేజి తక్కువుంటే మీటర్ అలాగే ఉంచి, వైరింగ్ డయాగ్రమ్‌లో అదే సప్లై మీదున్న మిగతా సెన్సర్ల కప్లర్లు ఒక్కొక్కటీ తీయండి. ఏది తీయగానే 5కి లేస్తుందో అదే లోపల షార్ట్ అయినట్టు.

హైడ్రాలిక్ బెంచి:
ఎఫ్‌ఎంఐ గురించి ఇంకొంచెం. 3 అంటే వోల్టేజి పైకి పోయింది, 4 అంటే కిందికి పడింది. 5, 6 ఎక్కువగా సోలినాయిడ్లకు వస్తాయి: 5 అయితే వైరో కాయిలో తెగింది, 6 అయితే ఎర్త్‌కి తగులుతోంది. 2 వస్తే రీడింగ్ నిలకడగా లేదు, కప్లర్ లూజు ముందు చూడాలి.

0, 1 మాత్రం వేరే జాతి. అక్కడ సర్క్యూట్ బాగానే ఉంది, కొలిచిన విలువే హద్దు దాటింది. 100-1 వస్తే సెన్సర్ మార్చి చూద్దాం అనుకోకూడదు. వెంటనే ఇంజను ఆపాలి, ఆయిల్ లెవెల్ చూడాలి, మెకానికల్ గేజ్ బిగించి అసలు ప్రెషర్ కొలవాలి. క్యాటర్‌పిల్లర్ బళ్లలో ఈ తేడా ముఖం మీదే రాసి ఉంటుంది: ముందు ఇంగ్లీషు అక్షరం ‘ఈ’ (E) ఉన్నవి ఈవెంట్ కోడ్లు. ఈ360 అంటే నిజంగానే ఆయిల్ ప్రెషర్ తక్కువ, ఈ361 అంటే కూలెంట్ వేడెక్కింది. 100-4 పడితే వైరింగ్ వైపు, ఈ360 పడితే ఇంజను వైపు నడవాలి.

టిప్పర్ల యార్డు:
కూలెంట్ టెంపరేచర్ సెన్సర్‌కి కూడా ఇదే పద్ధతా? మా బండిలో 110-3 ఉంది.

24 వోల్టులు:
దానికి ఇంకా సులువు, రెండే వైర్లు. కప్లర్ తీసి రెండు పిన్నుల మధ్య జంపర్ వైరు పెట్టండి. కోడ్ 110-3 నుంచి 110-4కి మారితే లూమ్, ఈసీఎం రెండూ బాగున్నట్టే, సెన్సర్ మార్చుకోవచ్చు. మారకుండా 3 దగ్గరే ఉంటే వైరు ఎక్కడో తెగింది. సెన్సర్‌ని విడిగా కొలిస్తే చల్లగా ఉన్నప్పుడు వేల ఓమ్‌లు, ఇంజను వేడి మీద వందల్లోకి దిగాలి. కచ్చితమైన అంకెలు మోడల్‌ని బట్టి మాన్యువల్‌లో చూసుకోవాలి. మూడు వైర్ల సెన్సర్ అయితే సిగ్నల్‌కీ ఎర్త్‌కీ మధ్యే జంపర్ పెట్టాలి, సప్లై పిన్ జోలికి పోవద్దు.

గ్రానైట్ సైటు:
కొలిచాను. సప్లై 1.2 వోల్టులు. ఆ లైన్ మీదున్న సెన్సర్లన్నీ తీసేసినా 1.2 దగ్గరే నిలబడింది.

24 వోల్టులు:
అయితే సెన్సర్లు నిర్దోషులు. బ్యాటరీ ఐసోలేటర్ ఆఫ్ చేయండి, ఈసీఎం కప్లర్ తీయండి, సెన్సర్లు తీసే ఉంచి సప్లై వైరుకీ ఛాసిస్‌కీ మధ్య ఓమ్‌లు కొలవండి. ఓపెన్ రావాలి, అంటే రెండిటికీ ఎక్కడా తగులుడు లేనట్టు. కొద్ది ఓమ్‌లే వస్తే వైరు ఎక్కడో ఇనుముకి తగులుతోంది. ఛాసిస్‌కి ఓపెన్ వస్తే సెన్సర్ ఎర్త్ వైరుకి కూడా కొలవండి. మీటర్ అలాగే పట్టుకుని ఒకరు లూమ్‌ని జానెడు జానెడు కదుపుతూ పోతే రీడింగ్ ఎగిరే చోటు దొరుకుతుంది. రెండు చోట్లా ఓపెనే వచ్చి, లూమ్ ఎంత కదిపినా మారకపోతేనే ఈసీఎం మాట ఎత్తాలి.

ఎర్త్ వైర్:
సర్వీసింగ్ తర్వాత వచ్చిందంటున్నారు కాబట్టి వాటర్ గన్ తగిలే చోట్లు ముందు చూడండి. ఇంటేక్ మ్యానిఫోల్డ్ పక్కన, స్టార్టర్ పైన, పంపు గదిలోకి లూమ్ దూరే చోట, బూమ్ మొదట్లో వంగే చోట. ప్రెషర్‌కి క్లిప్పు ఊడితే లూమ్ వేలాడి బోల్టు తలకి రాసుకుంటుంది.

గ్రానైట్ సైటు:
అక్కడే. మ్యానిఫోల్డ్ పక్కన క్లిప్పు విరిగి, పైపు తొడుగు అరిగి, లోపల రెండు వైర్ల రాగి బయటపడింది. బోల్టు తల మీద మెరుస్తున్న గీత కూడా ఉంది. మెలితిప్పి టేప్ చుట్టేస్తే సరిపోతుందా?

ఎర్త్ వైర్:
వద్దు. టేప్ జిగురు ఇంజను వేడికి కారిపోతుంది, ఆ సందులో తేమ చేరి రాగి పచ్చబడుతుంది, అప్పుడు వచ్చి పోయే ఎఫ్‌ఎంఐ 2 మొదలవుతుంది. పాడైన ముక్క కోసేసి అదే మందం వైరు వేయండి. లోపల జిగురున్న హీట్ ష్రింక్ క్రింప్ స్లీవ్ పెట్టండి. రెండు వైర్ల అతుకులు ఒకే చోట రాకుండా రెండంగుళాలు ఎడం ఉంచండి. కొత్త తొడుగు, రబ్బరున్న క్లిప్పు తప్పనిసరి.

హైడ్రాలిక్ బెంచి:
సోల్డర్ కూడా పనికొస్తుంది కదా?

ఎర్త్ వైర్:
క్యాబిన్‌లో అయితే సరే. ఇంజను మీద వద్దు, సోల్డర్ ఆగిన అంచు దగ్గర వైరు బిరుసెక్కి వైబ్రేషన్‌కి అక్కడే తెగుతుంది. ఇంకోటి, కొలవడానికి వైరు ఇన్సులేషన్‌లో సూది గుచ్చే అలవాటు మానాలి. కప్లర్ వెనక నుంచి సన్నటి ప్రోబ్ దూర్చండి. ముందు నుంచి లావు ప్రోబ్ తోస్తే ఆడ పిన్ వెడల్పై, లేని జబ్బు తెచ్చుకున్నట్టవుతుంది.

గ్రానైట్ సైటు:
అలాగే చేశాను. 5.01 వోల్టులు వచ్చింది, కోడ్లు పోయాయి, రేస్ ఎక్కుతోంది.

టిప్పర్ల యార్డు:
జీపీఎస్ ట్రాకర్ పెట్టించాక మానిటర్‌లో ఎఫ్‌ఎంఐ 9 కోడ్లు వరసగా పడేవాళ్లు ఏం చూడాలి?

24 వోల్టులు:
9 అంటే డేటా టైముకి రావట్లేదు, క్యాన్ లైన్ (బండిలోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే రెండు వైర్లు) చూడాలి. ఐసోలేటర్ ఆఫ్ చేసి 9 పిన్నుల డయాగ్నోస్టిక్ సాకెట్‌లో సీ, డీ పిన్నుల మధ్య ఓమ్‌లు కొలవండి. రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లుంటాయి కాబట్టి 60 రావాలి. 120 వస్తే ఒక చివర పోయింది లేదా వైరు తెగింది. 40 వస్తే మూడో రెసిస్టర్ చేరింది, ట్రాకర్ లోపల ఉన్నదే అయ్యుండొచ్చు. ట్రాకర్ తీసి మళ్లీ కొలిస్తే తేలిపోతుంది.

పైలట్ లైన్:
స్వింగ్ పైలట్ ప్రెషర్ (లీవర్ కదిపితే వాల్వుని నడిపే చిన్న ఆయిల్ లైన్) సెన్సర్ మీద అనుమానం ఉంది. స్వింగ్ లీవర్ కదిపినా ఆటో ఐడిల్ (లీవర్లు వదిలేస్తే రేస్ దానంతటదే తగ్గడం) నుంచి రేస్ లేవట్లేదు, బూమ్‌కి లేస్తోంది.

హైడ్రాలిక్ బెంచి:
పార్ట్ నంబర్ ఒకటే అయితే బూమ్, స్వింగ్ సెన్సర్ల కప్లర్లు మాత్రం అటూ ఇటూ మార్చి చూడండి, లూమ్ పొడవు సరిపోతే. అప్పుడు స్వింగ్ లీవర్‌కి రేస్ లేచి బూమ్‌కి లేవకపోతే స్వింగ్ సెన్సర్ మంచిదే, దాని వైరింగే పోయింది. స్వింగ్‌కి ఇంకా లేవకపోతే సెన్సరో, దానికొచ్చే పైలట్ ఆయిలో. 50 కేజీల (చదరపు సెంటీమీటరుకు) రేంజి సెన్సరైతే లీవర్ వదిలినప్పుడు సిగ్నల్ 0.5, 25 కేజీలకు 2.5 వోల్టులు. మీటర్ పెట్టి లీవర్ మెల్లగా లాగితే మధ్యలో గెంతకుండా ఎక్కాలి.

విప్పాల్సి వస్తే బకెట్ నేల మీద పెట్టి, ఇంజను ఆపి, కీ ఆన్‌లో లాక్ లీవర్ విడిచి అన్ని లీవర్లూ నాలుగు వైపులా తిప్పండి, తర్వాత ట్యాంకు బ్రీదర్ నొక్కి గాలి వదలండి. పైలట్ లైన్ 40 కేజీల దగ్గర ఉంటుంది కానీ పక్కనే ఉన్న మెయిన్ లైన్ 350 దగ్గర ఉంటుంది, పొరపాటున అది విప్పితే ఆయిల్ చర్మంలోకి దూసుకెళ్తుంది. ఓ రింగ్ కొత్తది వేయండి, థ్రెడ్‌కి టెఫ్లాన్ టేప్ చుట్టొద్దు. ఆ ముక్కలు స్పూల్‌లో (వాల్వ్ లోపల జరిగే కడ్డీ) ఇరుక్కుంటాయి.