అన్నీ సాధించిన ఆవిడకి డిప్రెషన్ ఉందని ఎవరు కనిపెట్టాలి?

కృష్ణాతీరం:
2019లో మిస్ యూఎస్ఏ అయిన చెస్లీ క్రిస్ట్ 2022 జనవరిలో న్యూయార్క్‌లో ఆత్మహత్య చేసుకున్నారు. నల్లజాతి అమ్మాయి, లాయరు, ఎంబీఏ, ఖైదీల తరఫున ఉచితంగా వాదించిన మనిషి. డిప్రెషన్‌ని అందరి దగ్గరా దాచిందని, చివరి రోజుల దాకా తనకీ తెలియదని వాళ్ళమ్మగారే చెప్పారు. కన్నతల్లికే తెలియనిది డాక్టర్లో ఆఫీసువాళ్ళో ఎలా పసిగడతారు? వాళ్ళని తప్పుపట్టడం అన్యాయం.

అట్లాంటా నర్సు:
నేను ఒప్పుకోనండీ. మా క్లినిక్‌కి వచ్చేవాళ్ళలో నల్లజాతి మహిళలే ఎక్కువ, ప్రిన్సిపాళ్ళు, లాయర్లు కూడా ఉంటారు. దిగులుగా ఉందని ఎవరూ రారు. తలనొప్పి, మెడ పట్టేసింది, తెల్లవారుజామున మూడింటికే మెలకువ, బీపీ దిగట్లేదు, ఇవే చెప్తారు. డిప్రెషన్ కోసం పీహెచ్‌క్యూ-9 అని తొమ్మిది ప్రశ్నల ఫారం ఉంది, కానీ చాలాచోట్ల ముందు రెండే అడుగుతారు: పనుల మీద ఆసక్తి తగ్గిందా, దిగులుగా ఉంటోందా అని. అలా వచ్చినావిడ ఫోన్లో ఆఫీసు మెయిల్‌కి జవాబు కొడుతూనే రెండింటికీ 'అస్సలు లేదు' అని టిక్కు పెట్టేస్తుంది. స్కోరు సున్నా. నిద్ర, నీరసం, తిండి గురించిన ప్రశ్నల దాకా ఇక వెళ్ళనే వెళ్ళరు. చిరాకు సంగతైతే ఆ తొమ్మిదింటిలోనే లేదు. ఆవిడ దాచిందనాలా, మనం అడగలేదనాలా?

పాలపిట్ట:
అడిగితే మాత్రం చెప్తారా? డల్లాస్‌లో మా టీమ్ లీడ్, ఆవిడా నల్లజాతి మనిషే, ఒకసారి అంది, 'నేను ఏడిస్తే చేతకానిదాన్నంటారు, గొంతు పెంచితే కోపిష్టినంటారు, అందుకే నవ్వుతూ ఉంటాను' అని. షెరిల్ వుడ్స్ గిస్కాంబే అనే నర్సింగ్ పరిశోధకురాలు 2010లో నల్లజాతి మహిళల గురించి రాసింది ఇదే: గట్టిగా కనబడాలి, బాధ మింగాలి, సాయం అడక్కూడదు, ఏం లేకపోయినా గెలవాలి, ముందు ఇంటిల్లిపాదినీ మోయాలి. చిన్నప్పటి నుంచీ ఇదే నేర్పితే ఫారం మీద నిజం ఎందుకు రాస్తుంది? పైగా ఎదురుగా కూర్చున్న డాక్టరు చాలాసార్లు తన జాతివాళ్ళు కాదు.

కృష్ణాతీరం:
అదే కదా నేనూ అంటున్నది. పావుగంట అపాయింట్‌మెంట్‌లో ఆ నమ్మకం ఎక్కడొస్తుంది?

అట్లాంటా నర్సు:
రాదు. కానీ మిగతా ఏడు ప్రశ్నలూ అడగడానికి పావుగంట అక్కర్లేదు. మీరు పని బాగానే చేస్తున్నారు, ఆ పని అయ్యాక మీకు ఏం మిగులుతోంది అని నేను నోటితో అడుగుతాను. ఒక్కోసారి అక్కడే ఆగిపోతారు, అప్పుడు తలుపు వేసి కూర్చుంటాను, మా డాక్టరమ్మ తర్వాతి పేషెంటుని కాసేపు ఆపుతుంది. చచ్చిపోవాలనిపిస్తోందా అని కూడా సూటిగానే అడుగుతాను. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది వట్టి భయం. అలాంటి ఆలోచనలుంటే అమెరికాలో 988 హెల్ప్‌లైన్‌కి, ఇండియాలో 14416కి ఏ వేళైనా ఫోన్ చేయొచ్చు, ఈ నంబర్లు ఇక్కడ పైన పిన్ చేయండి దయచేసి.